ఉల్టా, సీదా

దసరాకి నిజామాబాద్ పోయినప్పుడు బాపు బీరువా కింది అరలోంచి ఒక క్యాసెట్టు తీసి నా చేతిలో పెట్టాడు. లేబుల్ మీద నీలం సిరాతో ఉర్దూలో ఒక్క మాట రాసి ఉంది: ఖత్. ఉత్తరం అని. ఆ రాత మా తాతది. నిజాం కాలంలో బడికి పోయినవాడు కాబట్టి ఆయన రాతంతా ఉర్దూలోనే ఉండేది, మాటంతా తెలుగులో ఉండేది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ సెక్షన్‌లో పనిచేశాడు. 1988లో బాపు దమ్మాంలో ఉండగా తాత, నానమ్మ శక్కర్‌నగర్ క్వార్టర్లో కూచుని ఆ క్యాసెట్టులో మాట్లాడి, సెలవు అయిపోయి తిరిగి సౌదీ పోతున్న పక్కూరాయన చేతికిచ్చి పంపారు. ఉత్తరం రాస్తే చదవాలి, ఫోన్ చేస్తే నిమిషానికింత కట్టాలి. క్యాసెట్టయితే గంటసేపు మాట్లాడొచ్చు, ఎన్నిసార్లయినా వినొచ్చు.

బాపు సౌదీ నుంచి వచ్చేటప్పుడు తెచ్చిన స్టీరియో ఇంకా ఇంట్లోనే ఉంది. మధ్యలో డెక్కు, విడిగా రెండు స్పీకర్ పెట్టెలు. ఇల్లు మారినప్పుడు దాని తీగలు ఎక్కడో పోయాయి. నేనే కరెంటు సామాన్ల దుకాణంలో పది మీటర్ల జంట వైరు కొనుక్కొచ్చి కలిపాను. డెక్కుకి కొత్త బెల్టు వేయించాను. క్యాసెట్టు పెట్టి మీట నొక్కాను.

తాత గొంతు వచ్చింది. మాటలన్నీ తెలుస్తున్నాయి. కానీ ఆ గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియడం లేదు. గదంతా పలచగా పరుచుకుని, లోపల ఏమీ లేనట్టు ఉంది. బాపు రెండు నిమిషాలు విన్నాడు.

“మా బాపు గొంతు గిట్ల లేకుండె. గొంతుల బరువుండె. గిదేందో డబ్బల మాట్లాడినట్టున్నది.”

“టేపు పాతదైపోయింది బాపూ, ముప్పై ఏళ్లు దాటింది కదా” అన్నాను. ఆయన సరే అన్నట్టు తల ఊపి లేచి పోయాడు.

నేను చెప్పింది తప్పు. టేపు బాగానే ఉంది. తప్పు నేను కలిపిన తీగలో ఉంది. ఒక స్పీకరుకి ప్లస్సు ప్లస్సుకే ఇచ్చాను, రెండోదానికి ప్లస్సు తీసుకెళ్లి మైనస్సుకి ఇచ్చాను. ఇంత చిన్న విషయం వెనక రెండున్నర శతాబ్దాల చరిత్ర ఉంది. అందులో కొంత మా జిల్లాలోనూ ఉంది.

*

ముందు స్పీకరు సంగతి. పల్చటి కాగితపు కోను, దాని వెనక సన్నటి రాగి తీగ చుట్ట, ఆ చుట్ట చుట్టూ అయస్కాంతం. చుట్టలో కరెంటు ఒకవైపు పారితే కోను ముందుకొస్తుంది, రెండోవైపు పారితే వెనక్కి పోతుంది. ముందుకొచ్చినప్పుడు గాలిని నెడుతుంది, వెనక్కి పోయినప్పుడు లాగుతుంది. సెకనుకి 120 సార్లు ఇలా నెట్టీ లాగితే మగవాళ్ల గొంతులో ఉండే ఒక మంద్రస్వరం అవుతుంది.

అయస్కాంతం మధ్య కదిలే తీగచుట్ట అనే ఊహకి 1874లోనే జర్మనీకి చెందిన ఎర్న్‌స్ట్ వెర్నర్ సీమెన్స్ పేటెంట్ తీసుకున్నాడు. 1898లో ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్ దాన్ని ధ్వనికి వాడే మార్గం చూపాడు. 1915లో కాలిఫోర్నియాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధమ్ కలిసి దానికి పెద్ద కొమ్ము బిగించి వేలమంది గుంపుకి వినిపించారు. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ కొమ్ము లేని కాగితపు కోను స్పీకరును ఒక పత్రంలో వివరించారు. ఇవాళ మీ గదిలో ఉన్న స్పీకరు దాదాపు ఆ 1925 స్పీకరే.

వీళ్లెవరికీ ప్లస్సు మైనస్సుల గొడవ పెద్దగా లేదు. కారణం సులువే. స్పీకరు ఒక్కటే ఉన్నప్పుడు తీగలు ఎటు కలిపినా ఒకటే. కోను ముందు బయటికొచ్చి తర్వాత లోపలికి పోయినా, ముందు లోపలికి పోయి తర్వాత బయటికొచ్చినా మన చెవికి ఆ తేడా దాదాపు తెలియదు. హైదరాబాద్‌లో 1930ల్లో మొదలై 1950 ఏప్రిల్‌లో ఆలిండియా రేడియోలో కలిసిపోయిన దక్కన్ రేడియోని విన్నవాళ్లకి పోలారిటీ అనే మాటతో పనే పడి ఉండదు. రేడియో అంటే ఒక పెట్టె, అందులో ఒక స్పీకరు, దాని ముందు ఇంటిల్లిపాదీ.

ఒక్కటే ఉన్నప్పుడు ఉల్టా అనేదే లేదు. రెండోది వస్తేనే ఉల్టా వస్తుంది.

*

ఆ రెండోది 1931లో వచ్చింది. మా జిల్లాకి ఆ సంవత్సరం వేరే కారణంతో గుర్తు. మంజీర నది మీద నిజాంసాగర్ కట్టడం పూర్తయింది అప్పుడే. దాని కాలవల కింద చెరుకు పెరిగింది. ఆ చెరుకు కోసం 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి వర్ని, కోటగిరి, బోధన్ చుట్టుపక్కల క్యాంపులు వేసుకున్నారు. ఇవాళ్టికీ ఆ ఊళ్ల పేర్ల చివర క్యాంపు అనే ఉంటుంది.

అదే ఏడాది మార్చిలో బొంబాయిలో ‘ఆలం ఆరా’ విడుదలై మన సినిమాకి మాట వచ్చింది. లండన్‌లో అప్పటికే మాటల సినిమాలు ఆడుతున్నాయి. ఇఎంఐ కంపెనీ ఇంజినీరు ఆలన్ బ్లమ్‌లీన్ భార్యతో కలిసి ఒక సినిమాకి పోయాడు. తెర మీద నటుడు ఒక పక్క నడుస్తున్నాడు, గొంతు మాత్రం ఇంకోచోట నుంచి వస్తోంది. దీన్ని సరిచేసే ఉపాయం నా దగ్గరుంది అని ఆయన భార్యతో అన్నాడని చెబుతారు. 1931 డిసెంబర్ 14న ఆయన పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. మనం స్టీరియో అనే దానికి పునాది ఆ కాగితాల్లో ఉంది. 1934 జనవరిలో ఆబీ రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ వాద్యబృందంతో మోజార్ట్ సింఫనీని ఆ పద్ధతిలో రికార్డు చేసి చూశాడు కూడా. 1942 జూన్‌లో యుద్ధం కోసం రాడార్ పరీక్షిస్తున్న విమానం కూలి 38 ఏళ్లకే చనిపోయాడు. స్టీరియో రికార్డులు బజారులోకి వచ్చింది 1957, 58ల్లో. ఆయన వాటిని చూడలేదు.

బ్లమ్‌లీన్ ఆలోచనలో నాకు ఆశ్చర్యంగా తోచేది ఒకటుంది. ఎడమ స్పీకరు, కుడి స్పీకరు ఒకే శబ్దాన్ని ఒకేసారి పలికితే ఆ శబ్దం ఎడమ నుంచీ రాదు, కుడి నుంచీ రాదు. సరిగ్గా మధ్యనుంచి, ఏ పెట్టే లేని ఖాళీ గోడలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. పాటలో పాడేవాళ్ల గొంతు మనకి అలాగే మధ్యలో నిలబడుతుంది. రెండు కోన్లూ ఒకేసారి ముందుకొచ్చి ఒకేసారి వెనక్కి పోతేనే ఇది సాధ్యం.

ఒకటి ముందుకొస్తుంటే రెండోది వెనక్కి పోతోందనుకోండి. ఒకటి నెట్టిన గాలిని రెండోది లాగేస్తుంది. రెండింటిలో ఉమ్మడిగా ఉన్నది చెరిగిపోతుంది. ఇది తీసివేత. ఈ తీసివేతని కావాలని వాడుకునేవాళ్లూ ఉన్నారు. పాటలోంచి గొంతు తీసేసి కరోకే చేసే పాత చిట్కా ఇదే: ఎడమలోంచి కుడిని తీసేస్తే మధ్యలో ఉన్న గొంతు పోతుంది. విమానంలో మీరు పెట్టుకునే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లదీ ఇదే సూత్రం: బయటి రొదని మైకుతో పట్టి, దాన్ని ఉల్టా చేసి చెవిలో వదులుతాయి. అక్కడ అది సదుపాయం. మా ఇంట్లో అది మా తాత గొంతుని మింగింది.

అన్ని స్వరాలూ ఒకేలా చెరగవు. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 345 మీటర్లు పోతుంది. 120 సార్లు ఊగే మంద్రస్వరం ఒక్కో అల దాదాపు మూడు మీటర్ల పొడవు. నా స్పీకర్ల మధ్య దూరం మీటరున్నర. అంత పొడుగు అల ముందు ఆ దూరం చిన్నదే, కాబట్టి రెండు అలలూ ఒకదాన్నొకటి చాలావరకు చంపుకుంటాయి. మూడు వేల సార్లు ఊగే శబ్దం అల పదకొండు సెంటీమీటర్లే. తల కొంచెం తిప్పినా లెక్క మారుతుంది, అది గదిలో ఎక్కడో ఒకచోట బతికే ఉంటుంది. అందుకే స, ష, చ లాంటి అక్షరాలు స్పష్టంగా వచ్చాయి, ఛాతీలోంచి వచ్చే బరువు పోయింది. బాపు చెప్పింది అక్షరాలా అదే. ఆయనకి సూత్రం తెలియదు, వాళ్ల నాయన గొంతు తెలుసు.

ఇంకో చిక్కు ఆ క్యాసెట్టులోనే ఉంది. ఫిలిప్స్ కంపెనీ 1963లో బెర్లిన్‌లో క్యాసెట్టుని ప్రపంచానికి చూపింది. తర్వాత స్టీరియో తెచ్చేటప్పుడు ఎడమ, కుడి గీతల్ని టేపు మీద పక్కపక్కనే పెట్టారు. దానివల్ల ఒక్క మైకు ఉన్న మామూలు టూ ఇన్ వన్‌లో రికార్డు చేసిన క్యాసెట్టు స్టీరియో డెక్కులో రెండువైపులా ఒకేలా వినిపిస్తుంది. తాత మాట్లాడింది అలాంటి దాంట్లోనే. అంటే ఆ టేపులో ఉన్నదంతా ఉమ్మడే, అంతా మధ్యదే. ఒక తీగ ఉల్టా అయితే సినిమా పాటలో వాయిద్యాలైనా ఎంతో కొంత మిగులుతాయి. ఇలాంటి ఇంటి క్యాసెట్టుకి ఎక్కువ దెబ్బ తగులుతుంది.

*

అసలు ప్లస్సు అంటే ఏమిటి? ఇది ఎవరు చెప్పారు?

1747లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ విద్యుత్తుని ఒక ద్రవంలా ఊహించి, అది ఎక్కువైన చోటు ప్లస్, తక్కువైన చోటు మైనస్ అన్నాడు. ఏది ఎక్కువో ఏది తక్కువో చూసే సాధనం ఆ రోజుల్లో లేదు, అది ఊహే. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ని కనుక్కున్నాక తేలిందేమంటే, తీగలో కదిలేవి మైనస్ నుంచి ప్లస్ వైపు పోతున్నాయి. నూటయాభై ఏళ్లుగా అందరూ బొమ్మల్లో బాణాలు అటునుంచి ఇటు వేస్తున్నారు. ఎవరూ మార్చలేదు. మార్చాల్సిన అవసరమూ రాలేదు, ఎందుకంటే అందరూ ఒకేలా తప్పితే లెక్కలన్నీ సరిపోతాయి.

స్పీకర్లలోనూ అంతే. ఎర్ర టెర్మినల్‌కి బ్యాటరీ ప్లస్సు తగిలిస్తే కోను బయటికి రావాలి అన్నది ప్రకృతి నియమం కాదు, ఒప్పందం. ఒప్పుకోనివాళ్లూ ఉండేవాళ్లు. 1946లో మొదలైన అమెరికన్ కంపెనీ జేబీఎల్ దశాబ్దాలపాటు దీనికి ఎదురు పద్ధతి పాటించింది: వాళ్ల పాత స్పీకర్లలో ప్లస్సు ఎర్రదానికిస్తే కోను లోపలికి పోతుంది. అన్నీ జేబీఎల్‌లే అయితే ఇబ్బంది లేదు. ఒకటి జేబీఎల్, పక్కన ఇంకో కంపెనీది పెడితే, రంగులు చూసి సరిగ్గా కలిపినవాడు కూడా ఉల్టా కలిపినట్టే. స్టేజీ మీద వాడే మైకుల్లో మూడు సూదుల ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్ను ఉంటుంది కదా, అందులో రెండో సూది ప్లస్సా, మూడోదా అన్న తగువూ చాలాకాలం నడిచింది. 1992లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ రెండోదే అని ప్రమాణం రాసింది.

కాబట్టి రంగు మాట నమ్మాలా, కోను మాట నమ్మాలా అంటే కోను మాటే. రంగు ఎవరో పెట్టింది.

*

బోధన్ వైపు ఈ విషయానికి తెలుగు, ఉర్దూ, మరాఠీ, కోస్తా యాస మాట్లాడేవాళ్లందరికీ కలిపి ఒకే మాట ఉంది: ఉల్టా. దీన్ని ఎవరూ పుస్తకంలో చదువుకోలేదు, పొలంలో నేర్చుకున్నారు. బావి మోటరుకి మూడు ఫేజులు వస్తాయి. లైను మరమ్మతు చేసినప్పుడు, ట్రాన్స్‌ఫార్మర్ మార్చినప్పుడు రెండు ఫేజులు తారుమారైతే మోటరు ఉల్టా తిరుగుతుంది. పైన కనపడే మోటరైతే తిరిగే వైపు చూస్తే తెలిసిపోతుంది, పంపు ఒంటి మీద బాణం గుర్తు కూడా ఉంటుంది. బోరులో దిగిన మోటరు కనపడదు. నీళ్లని బట్టి కనిపెట్టాలి. స్టార్టరు డబ్బా దగ్గర కరెంటు ఆపి, ఏవైనా రెండు తీగలు అటుదిటు ఇటుదటు మారిస్తే సీదా అవుతుంది.

మైక్ సెట్ల వాళ్లకీ ఇది తెలుసు, వాళ్లు దీన్ని ‘ఫేజ్’ అంటారు. వినాయక మండపం దగ్గర ఒకసారి చిన్నప్పుడు చూశాను. ఒకే పెట్టెలో నాలుగు స్పీకర్లున్నాయి, వాటిలో ఒకటి కొత్తగా కోను మార్పించుకొచ్చింది. సెట్టాయన టార్చిలైటు సెల్లు తీసి రెండు తీగలు తగిలించాడు. టప్ అంది. కోను మీద వేలు పెట్టి చూసుకుని, తీగలు మార్చి బిగించాడు. ఎందుకని అడిగితే, “నలుగురు ఒకదిక్కు గుంజాలె, ఒకడు ఇంకోదిక్కు గుంజొద్దు” అన్నాడు. అంతకంటే మంచి వివరణ నాకు తర్వాత ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

మరి ఇళ్లలోకి రెండు స్పీకర్లు ఎప్పుడొచ్చాయి? మా వైపు దానికి జవాబు గల్ఫ్. నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి గల్ఫ్ పోయినవాళ్లు సెలవుకి వచ్చేటప్పుడు బంగారం, కంబళ్లు, సెంటు సీసాలతోపాటు టూ ఇన్ వన్‌లు, స్టీరియోలు తెచ్చారు. నగరాల్లో కొనుక్కున్న సోనోడైన్‌లూ కాస్మిక్‌లూ వేరే కథ. మా పల్లెల్లో స్టీరియో అంటే ఎవరో ఒకరు ఎడారిలో రెండేళ్లు పనిచేసిన గుర్తు. దాంతోపాటు వచ్చిన కాగితాలు అరబ్బీలో, ఇంగ్లీషులో ఉండేవి. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. తీగలు బాగున్నంతకాలం అంతే చాలు.

*

సెలవు ఆఖరి రోజు మళ్లీ ఆ క్యాసెట్టు పెట్టాను. ఈసారి అనుమానంతో. వేరే పని మీద గదిలోంచి పోతూ కుడి స్పీకరు దగ్గరగా తల పెడితే తాత గొంతు నిండుగా వినిపించింది. రెండింటి మధ్యకొస్తే పలచన. ఎడమదాని దగ్గరికి పోతే మళ్లీ నిండు. టేపు పాడైతే మూడుచోట్లా పలచనే కావాలి. అప్పుడు వెలిగింది.

మీరు ఇంట్లో చేసుకోవాలంటే పద్ధతి ఇది. ముందు చెవితో. ఒకే మనిషి మాట్లాడుతున్నది, స్టీరియో కానిది ఏదైనా పెట్టండి, పాత రేడియో వార్తలయినా సరే. రెండు స్పీకర్లకీ సమాన దూరంలో కూచోండి. గొంతు మధ్యలో ఒకచోట నిలబడితే సరే. గదంతా పరుచుకుని ఎక్కడుందో వేలుపెట్టి చూపలేకపోతే అనుమానించండి. యాంప్లిఫయర్ ఆపి, ఒక్క స్పీకరు తీగలు మాత్రం అటూ ఇటూ మార్చి మళ్లీ వినండి. దేంట్లో మంద్రం నిండుగా ఉంటే అది సరైనది. రెండూ మారిస్తే ఏమీ తేలదు, రెండూ కలిసి ఉల్టా అయితే చెవికి సీదాయే.

తర్వాత కంటితో. యాంప్లిఫయర్ ఆపేసి దాని దగ్గర తీగలు పూర్తిగా విప్పేయాలి, ఇది మరవొద్దు. స్పీకరు ముందున్న జాలీ తీయండి. గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లు చాలు. ప్లస్సు అనుకున్న తీగని సెల్లు ప్లస్సుకి, రెండోదాన్ని మైనస్సుకి ఒక్క క్షణం తాకించి తీసేయండి. పెద్ద కోను బయటికొస్తే మీ అనుకోవడం సరైనది, లోపలికి పోతే ఉల్టా. 8 ఓమ్‌ల స్పీకరులో తీగచుట్ట నిరోధం 6 ఓమ్‌ల చుట్టూ ఉంటుంది, పావు యాంపియర్ పోతుంది, అర వాట్ కూడా కాదు. ఏమీ కాదు. 9 వోల్టుల బ్యాటరీ చిన్న స్పీకర్లకి ఎక్కువ. సెల్లుని తీగకి యాంప్లిఫయర్ వైపు కొసలో తాకించడం మంచిది, అప్పుడు స్పీకరుతోపాటు మధ్యలో ఉన్న వైరు కూడా పరీక్షకి వస్తుంది. తప్పు చాలాసార్లు ఆ వైరులోనే ఉంటుంది. రెండు పోగులూ ఒకే రంగుదైతే ఒకదాని మీద సన్నటి గీతో, ఉబ్బెత్తు చారో, అచ్చేసిన అక్షరాలో ఉంటాయి, వెలుతురులో తిప్పి చూస్తే కనబడతాయి.

పైనున్న చిన్న ట్వీటరుతో ఈ పని పెట్టుకోవద్దు. దాని ముందు కెపాసిటర్ ఉంటుంది, సెల్లు కరెంటు నిలకడగా పారదు, కోను కదలిక కనబడదు. ఇంకోటి, కొన్ని పెట్టెల్లో ట్వీటరుని కంపెనీవాళ్లే కావాలని ఉల్టా కలుపుతారు. లోపలి క్రాసోవర్ వల్ల ఆ రెండు స్పీకర్లు కలిసేచోట అలలు తారుమారైతే దాన్ని సరిచేయడానికి. పెట్టె విప్పి ‘తప్పు’ దిద్దితే నిజంగానే తప్పవుతుంది. బయటి తీగలు మాత్రమే మనవి.

మా ఇంట్లో సెల్లు తాకించడం నా వంతు, కోను చూడడం బాపు వంతు. ఆయన టార్చి పక్కనుంచి వేసుకుని, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని ముందుకు వంగాడు.

ఎడమది. టప్.

“బయటికి.”

కుడిది. టప్.

“లోపటికి. మల్లొక్కసారి గొట్టు.”

టప్.

“లోపటికే.”

లేచి నవ్వాడు. వాళ్ల బాపు ఫ్యాక్టరీలో ఇదే చేసేవాడట. మోటరు కాయిల్ మళ్లీ చుట్టించుకొచ్చినప్పుడు, దాన్ని యంత్రానికి తగిలించక ముందు ఒక్క క్షణం కరెంటిచ్చి ఆపేసి ఎటు తిరిగిందో చూసేవాడు. చెరుకుని మిల్లులోకి మోసే పట్టీ ఉల్టా కదిలితే సీజన్‌లో ఏమవుతుందో ఊహించుకో అన్నాడు.

“మరి నిన్న ఎందుకు తెలియలేదు బాపూ మనకి?” అన్నాను.

“మోటరు ఉల్టా తిరిగితే గూడ నీళ్లొస్తయి బిడ్డా. తక్కువొస్తయి, గంతే. గందుకే శాన దినాలు తెల్వది.”

*

ఆ మాట నిజమే. పంపు లోపలి చక్రం ఉల్టా తిరిగినా కొంత నీళ్లు ఎత్తిపోస్తుంది. పూర్తిగా చెడిపోయినదాన్ని మనం వెంటనే విప్పి చూస్తాం. సగం పనిచేసేదాన్ని మాత్రం వదిలేస్తాం. భూమిలో నీళ్లు తగ్గాయనుకుంటాం, టేపు పాతదైందనుకుంటాం, మనకే సరిగా గుర్తులేదనుకుంటాం. నేను ఆ రోజు బాపుతో అన్నది అదే. ఆయన యాభై ఏళ్ల జ్ఞాపకం మీద నా పది మీటర్ల వైరుని నమ్మాను.

దీన్ని మరీ లాగదలచుకోలేదు. తీగ మారిస్తే తిరిగి రానివి చాలా ఉన్నాయి. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఆ చక్కెర ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబర్‌లో మూతపడింది. తాత చూసుకున్న మోటర్లు ఇప్పుడు ఎటూ తిరగవు. శక్కర్‌నగర్ పోతే తెలుస్తుంది, అది సెల్లు తాకించి చూసే సంగతి కాదు. కానీ పోయినవీ, ఉల్టా కలిపినవీ వేరువేరు. ఏది ఏదో చూడకుండా అన్నిటికీ కలిపి ‘పాతదైపోయింది’ అనడం మాత్రం సోమరితనం. ఆ రెండ్రోజులు నేను చేసింది అదే.

కుడి స్పీకరు తీగలు మార్చి బిగించాను. క్యాసెట్టు మొదటికి తిప్పి మీట నొక్కాను. ముందు చిన్న గురగుర, తర్వాత తాత గొంతు సవరించుకున్నాడు. ఆ దగ్గు రెండు పెట్టెల మధ్యలో, గోడకి తగిలించిన క్యాలెండర్ కింద, కుర్చీ వేసుకుని కూచున్నవాడిలా వినిపించింది. చెరుకు కొట్టుడు మొదలైంది, ఈ ఏడాది రైతులు బండ్లు పెట్టుకుని రాత్రంతా గేటు దగ్గరే పడుకుంటున్నారు, నువ్వు పైసలు పంపడానికి తొందరపడకు, కడుపు మాడ్చుకోకు. అరగంట అవే మాటలు. బాపు మధ్యలో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. క్యాసెట్టు చివర తాత “ఇగ మీ అమ్మ మాట్లాడ్తదట” అనగానే టేపు ఆగింది.

బి సైడు పెట్టబోతుంటే బాపు చెయ్యి అడ్డం పెట్టాడు. లోపలికి పోయి దేవుడి గూట్లోంచి ఎర్ర దారం ఉండ తెచ్చాడు. ప్లస్సు తీగలకి డెక్కు వైపు ఒక ముడి, స్పీకరు వైపు ఒక ముడి, రెండు పెట్టెలకీ కలిపి నాలుగు ముళ్లు వేశాడు.

“మల్ల ఇల్లు మారుతమో ఏమో. నువ్వు లేనప్పుడు ఇంకెవరన్న కలుపుతరు” అన్నాడు.

తర్వాత నానమ్మని విన్నాం.